వంతెన మీద వైపర్

ఈ బండి వైపర్‌ని ఇంజిను ఊపిరే ఆడిస్తుంది,
కరెంటు ఊసే లేదు.
బొండంలో స్ట్రా వేసి లాగినట్టు
లోపలి ఖాళీ ఎంత గట్టిగా లాగితే
అద్దం మీద రబ్బరు అంత చురుగ్గా నడుస్తుంది.
లేమి మీద బతికే యంత్రం.
మా పాలకొల్లులో ఈ మాట చెబితే
నవ్వి, కొత్త మోటారు బిగించెయ్యమంటారు.

కాంపౌండరు ఇస్రాయేలు గారు బిగించనివ్వలేదు.
యాభై ఒకటి మోడల్ ప్రిఫెక్టు,
నరసాపురం డాక్టరమ్మ సుగుణరత్నం గారిది.
చివర్లో జీతం బాకీ కింద ఈయనకి రాసిచ్చారట.
"దానికున్నదే బాగుచెయ్యండి" అని
స్టూలు మీద, మోకాళ్ల మధ్య గొడుగుతో కూర్చున్నారు.

ముందు ట్యూబు విప్పాను.
ఇంజిను నడుస్తుండగా మానిఫోల్డు బొక్క మీద వేలు పెడితే
ఆకలి దూడలా లాక్కుంది.
అంటే ఇక్కడిదాకా ఊపిరి బాగానే ఉంది.
ట్యూబుని బకెట్లో ముంచి ఊదాను,
మూడుచోట్ల బుడగలు.
మధ్యలో ఎవరో సెలైన్ గొట్టం అతికించారు.
ఎవరో ఆయన తల దించుకున్న తీరులో తెలిసింది.
"ఊదే పనికైతే సరిపోద్దండి,
లాగే పనికి మెత్తటి గొట్టం నిలవదు.
ముసలాళ్ల బుగ్గల్లా లోపలికి అతుక్కుపోద్ది."
రొయ్యల చెరువులో గాలి కొట్టడానికి వాడే
మందపాటి గొట్టం మూరెడు కోసి వేశాను.
అరవై రూపాయలు. రాసుకున్నాను.

తర్వాత వైపర్ డబ్బా.
లోపల తోలు రెక్క
ఎండలో మరిచిపోయిన చెప్పులా బిర్రబిగిసింది.
రాత్రంతా ఆముదంలో నానబెట్టాను.
తెల్లారేసరికి వేళ్ల మధ్య చెవితమ్మెలా వంగింది.
ఇరుసుల తుప్పు గీకి గ్రీజు పెడుతుంటే
అప్పుడు చూశాను,
రెండు పక్కలా కిటికీ అంచుల్లో ఇనుము అరిగి
సన్నగా చెరొక గాడి.
ఏంటండీ ఇవి, అంటే
ఇస్రాయేలు గారు గొడుగు ఇంకో చేతికి మార్చుకున్నారు.

మధ్యాహ్నం ఏటివైపు నుంచి వాన దిగింది.
పరీక్షకి ఇద్దరం బయల్దేరాం.
కాలవ వెంట బల్లపరుపు రోడ్డు,
బియ్యం చెరిగే చేటలా తకతకా వైపర్.
పైకి అనలేదు గానీ నాకు గర్వంగానే ఉంది.

మా నేలకి కొండల్లేవు.
ఎత్తంటే లాకుల దగ్గర వంతెన, లేదంటే ఏటిగట్టు.
వంతెనెక్కడానికి ఏక్సిలేటరు నొక్కానో లేదో
రెక్కలు రెండూ నడిమధ్య నిలబడిపోయాయి.
అద్దమంతా నీళ్లు.
ఎదర కొబ్బరికాయల లారీ ఉందో, లేదో.

"కంగారు పడకండి, ఇది దీని గుణం.
ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిను నోరంతా తెరుస్తుంది,
నోరు తెరిచాక ఇంకేం లాగుద్ది?
ఒక్క క్షణం కాలు తీస్తే చాలు."
తీశాను.
రెక్కలు నిద్రలోంచి లేచినట్టు కొట్టుకున్నాయి.

ఆయన అద్దం వైపు చూడటం లేదు.
ఎడమచెయ్యి దానంతటదే
కిటికీ అంచు గాడిలోకి వెళ్లి
అక్కడ లేని పురికొసని పట్టుకుంది.

"డాక్టరమ్మ కాలు తీసేవారు కాదండి.
అవతల ఎవరో నొప్పులు పడతా ఉంటారు గదా.
రెక్కలకి పురికొస కట్టి
నేను లాగేవాణ్ణి. ఇటోసారి, అటోసారి.
చించినాడ రేవు దాకా."

వంతెన దిగాం. ఏం మాట్లాడాలో తెలీక
ట్యూబు అరవై, ఆముదం పాతిక, అన్నాను.
ఆయన సరేనన్నారు.

తిరిగొచ్చేటప్పుడు అదే వంతెన, అదే వాన.
ఈసారి నేను కాలు తీయలేదు.
పక్కన ఆయన చెయ్యి
ఇటోసారి, అటోసారి.
అద్దం మీద నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.